టెక్ సందేహాలు: స్తంభం మీద తీగ, ఫ్రిజ్ మీద పెట్టె

వానలు మొదలైతే చాలు, నాకు ఒకే రకం ఉత్తరాలు వస్తాయి. ఈ వారమూ అంతే. అందుకని ఫోన్ల సంగతి వచ్చే వారానికి వాయిదా వేసి, కరెంటు స్తంభాల మీదుగా ఇళ్లకు వస్తున్న నెట్ గురించే రాస్తున్నాను.

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. ఫైబర్‌లో పారేది వెలుగే కానీ కరెంటు కాదని మీరే ఒకసారి రాశారు. మరి కరెంటు పోగానే మా నెట్ కూడా ఎందుకు పోతోంది? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది.

జవాబు: తీగకు కరెంటు అక్కర్లేదమ్మా, దాని రెండు చివర్లా ఉన్న పెట్టెలకు కావాలి. మధ్యలో మీ వీధి స్తంభానికి వేలాడే చిన్న డబ్బా, స్ప్లిట్టర్ అంటారే, అది కరెంటు లేకుండానే పనిచేస్తుంది. ఒక చివర మీ ఇంట్లోని ఓఎన్‌టీ, అంటే ఫైబర్ వచ్చి చేరే నెట్ పెట్టె. రెండో చివర ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ లాంటి ఏర్పాటులో కరెంటు సబ్‌స్టేషన్ ఆవరణలో ఉంటుంది.

ఈసారి కరెంటు పోయినప్పుడు లేచి వెళ్లి పెట్టె చూడండి. లైట్లన్నీ ఆరిపోయి ఉంటే తప్పు మీ ఇంట్లోనే: ఆ ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో లేదు. నాకు రాసేవాళ్లలో ఎక్కువ మంది కథ ఇదే. ఫ్యాన్లకూ బల్బులకూ ఇన్వర్టర్ లాగించుకుంటారు, టీవీ వెనకాల ప్లగ్గును మర్చిపోతారు. లైట్లు వెలుగుతూ ఎల్ఓఎస్ అని రాసి ఉన్న చోట మాత్రం ఎర్ర లైటు కనిపిస్తే, అవతలి నుంచి వెలుగు రావడం లేదని అర్థం. తీగ తెగి ఉండాలి, లేదా అవతలి చివర బ్యాటరీలు చేతులెత్తేసి ఉండాలి. అప్పుడు మీరు చేయగలిగింది కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేయడమే.

రౌటర్లకు పెట్టే మినీ యూపీఎస్ కొంటానంటే కొనండి. కానీ పెట్టె అడుగున ఎన్ని వోల్టులని రాసి ఉందో చూసి కొనండి. 9 వోల్టుల పెట్టెకు 12 వోల్టులు ఇచ్చి, కాలిన వాసన వచ్చాక నాకు రాస్తే నేను చేసేదేమీ ఉండదు.

ప్రశ్న: ప్రతి ఇంటికీ కరెంటు తీగ ఉంది కదా సార్. అందులోనే నెట్ పంపేస్తే ఇంకో తీగ ఎందుకు? పేద దేశాలకు ఇదే చవకైన దారి అని ఒక వీడియోలో చూశాను. (ఇంజినీరింగ్ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: ఆ వీడియో 20 ఏళ్లు ఆలస్యంగా తీసినట్టుంది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మనాసస్ పట్టణం 2005లో ఊరంతటికీ కరెంటు తీగల్లోనే నెట్ ఇచ్చింది. 2010లో మూసేసింది. కరెంటు తీగను కరెంటు కోసమే చేశారు. నెట్ మోసే హై ఫ్రీక్వెన్సీ సిగ్నల్ ట్రాన్స్‌ఫార్మర్ దాటలేదు, ప్రతి చోటా దాన్ని పక్కదారి పట్టించే పరికరం పెట్టాలి. మిక్సీ, బోరు మోటారు, నాసిరకం ఎల్‌ఈడీ బల్బు, అన్నీ ఆ తీగలోనే రొద పెడతాయి. పైగా తొడుగు లేని తీగ యాంటెన్నాలా సిగ్నల్‌ని బయటికి వదులుతుంది. ఆ ఫ్రీక్వెన్సీలు షార్ట్‌వేవ్ రేడియోవి. హామ్ రేడియో వాళ్లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా సొంత రేడియో నడిపేవాళ్లు, అక్కడ గోల చేసింది అందుకే. హుద్‌హుద్ తుపాను వచ్చి విశాఖలో ఫోన్లు మూగబోయినప్పుడు సమాచారం అందించిన వాళ్లలో ఈ హామ్‌లూ ఉన్నారు, కాబట్టి వాళ్ల గోలను నేను తేలిగ్గా తీసుకోను.

పనికొచ్చింది కరెంటు తీగ కాదు, అది వెళ్లే దారి. ఫైబర్ వేయడంలో డబ్బంతా మట్టి తవ్వడానికే పోతుంది. రోడ్డు కోయాలి, పంచాయతీ అనుమతి, రైల్వే అనుమతి, మళ్లీ పూడ్చాలి. స్తంభాలు అప్పటికే పాతి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ చేసింది అదే: సుమారు 24 వేల కిలోమీటర్ల ఫైబర్‌ను స్తంభాల మీదుగా లాగింది. భూమిలో వేస్తే దాదాపు 5 వేల కోట్లయ్యేది, మేం 333 కోట్లలో కానిచ్చామని అప్పటి ప్రభుత్వం చెప్పుకున్న లెక్క. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెట్, టీవీ, ఫోన్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలు అన్నప్పుడు పట్నం నెట్ బిల్లు కడుతున్న నాకే కడుపు మండింది. కేరళలో కేఫోన్ అని నెట్ సంస్థ పెట్టి, అందులో దాదాపు సగం వాటా ఆ రాష్ట్ర విద్యుత్ బోర్డుకే ఇచ్చారు. 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితమన్న మాటతో 2023 జూన్ 5న మొదలైంది. కెన్యాలో కరెంటు సంస్థ తన లైన్ల మీది ఫైబర్‌ను టెలికం కంపెనీలకు అద్దెకిస్తోంది. మన పొలాల్లో నిలబడ్డ పెద్ద టవర్లను చూడండి, అన్నిటికంటే పైన ఒక సన్న తీగ ఉంటుంది. పిడుగుల నుంచి కాపాడటానికి పెట్టిన ఆ తీగ కడుపులోనే చాలా చోట్ల ఫైబర్ పోగులు ఉంటాయి. మీ తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేశారు. ఒక తవ్వకానికి రెండు పనులు. మీ కాలేజీ ప్రాజెక్టుకు మరే అంశమూ దొరకకపోతే మనాసస్ ఎందుకు మూతపడిందో రాయండి, మార్కులు వస్తాయి.

ప్రశ్న: పై వాటాలో వైఫై అందడం లేదు. ప్లగ్గులో పెడితే ఇంటి కరెంటు వైర్లలోంచే నెట్ వచ్చే అడాప్టర్ల జత కొన్నాను. ఒకసారి బాగా వస్తుంది, ఒకసారి చస్తుంది. ఏ కంపెనీది కొంటే మంచిది? (గుంటూరు)

జవాబు: కంపెనీ పేరు చెప్పను, అవసరం కూడా లేదు. మీ ఇంటికి త్రీ ఫేజ్ ఉండి కింద ఒక ఫేజు, పైన ఇంకో ఫేజు అయితే ఏ అడాప్టరైనా ఇలాగే ఏడుస్తుంది. స్పైక్ గార్డులో కాకుండా నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి. కుదరకపోతే 20 మీటర్ల లాన్ కేబుల్ కొని పైకి లాగేయండి.

నా టెన్షన్ వేరే ఉంది. మీరు ఆ జతను డబ్బాలోంచి తీసి ప్లగ్గులో పెట్టగానే పనిచేసిందా? పక్కనున్న పెయిర్ బటన్ నొక్కలేదా? అలా చాలా అడాప్టర్లు పనిచేస్తాయి, ఎందుకంటే ఫ్యాక్టరీలోనే అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి పంపుతారు. పక్క వాటా వాళ్లు అలాంటి జతే కొని ప్లగ్గులో పెడితే అది మీ అడాప్టర్లతో చేతులు కలిపేయగలదు. మీటరు దగ్గర సిగ్నల్ నీరసిస్తుందే కానీ ఆగిపోతుందన్న హామీ లేదు. గోడలకు చెవులుంటాయంటారు, ఇవి పెడితే నోరు కూడా వస్తుంది. బటన్ నొక్కి జత కడితే మీ రెంటికీ సొంత తాళం తయారవుతుంది. రెండు నిమిషాల పని. ఆ తాళం వేయనిదే పనిచేయకుండా తయారు చేయడం కంపెనీకి కష్టమా? కాదు. కానీ డబ్బా మీద 'పెట్టగానే పనిచేస్తుంది' అని రాసుకోవడానికి వీలుండదు.

అసలు ఆ అడాప్టర్ కంటే భయపెట్టే పెట్టె ప్రతి ఇంట్లోనూ ఉంది. సంక్రాంతికి మా బాబాయి ఇంటికి వెళ్లాను. ఓఎన్‌టీ ఫ్రిజ్ మీద ఉంది. దాని మీద పిన్ని అల్లిన లేసు గుడ్డ, గుడ్డ మీద పంచాంగం. చెయ్యి పెడితే పెట్టె దోసె పెనంలా కాలుతోంది. వైఫై పాస్‌వర్డ్ బాబాయి ఫోన్ నంబరు. ఆయన్ని అడిగి, ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 (పెట్టె సెట్టింగుల పేజీ చిరునామా) కొట్టి, పేరు దగ్గర అడ్మిన్, పాస్‌వర్డ్ దగ్గరా అడ్మిన్ అని కొట్టాను. తలుపు తీసినట్టు తెరుచుకుంది. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంది, అంటే బయటి నుంచి ఎవరైనా అదే తలుపు తట్టొచ్చు. సాఫ్ట్‌వేర్ నాలుగేళ్ల కిందటిది. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే, "అన్ని ఇళ్లకూ అదే పెట్టాం సార్, వేరే వేరేగా పెడితే మేం గుర్తుపెట్టుకోలేం" అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం.

ఇలా ఒకే అచ్చులో పోసిన పెట్టెలు లక్షల్లో ఉంటే ఏమవుతుందో 2016 నవంబరులో జర్మనీ చూసింది. మిరాయ్ అనే కంప్యూటర్ పురుగులో ఒక రకం, రౌటర్ల మీద పడి, దాదాపు 9 లక్షల మంది కనెక్షన్లను దెబ్బతీసింది. అది పట్టుకున్నది కూడా దూరం నుంచి రౌటర్‌ను సరిచేయడానికి ఉంచిన దారినే. నెట్ ఆగిపోతే నయం, కనీసం తెలుస్తుంది. తెలియకుండా జరిగేది డీఎన్ఎస్ మార్చేయడం. మీరు బ్యాంకు పేరు కొడితే ఏ చిరునామాకు వెళ్లాలో చెప్పేది అదే. దాన్ని దొంగ మారిస్తే పేరు సరిగ్గా కొట్టినా దొంగ వాకిట్లో దిగుతారు. ఈ సైటు సురక్షితం కాదు అని బ్రౌజర్ ఎర్రగా అరుస్తుంది. మనవాళ్లు ఏం చేస్తారు? అడ్వాన్స్‌డ్ నొక్కి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న ప్రొసీడ్ వెతికి మరీ నొక్కుతారు. ఇలా నొక్కి ఎలా లోపలికి వెళ్లాలో చెప్పమని నన్నే అడిగిన వాళ్లున్నారు. బ్యాంకు సైటులో ఆ హెచ్చరిక వస్తే నొక్కకండి, అంతే.

బాబాయి పెట్టెకు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపి, కొత్త పాస్‌వర్డ్ పంచాంగం వెనక అట్ట మీద రాశాను. కాగితం మీద రాయడం తప్పని అనేవాళ్లుంటారు. ఇంట్లోకి వచ్చి పంచాంగం తిరగేసే దొంగ కంటే ఎక్కడో కూర్చుని లక్ష పెట్టెలు తట్టే దొంగే నాకు భయం. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మాత్రం నా చేతిలో లేదు, ఈ పెట్టెలకు అది ఎక్కువగా ఆపరేటర్ వైపు నుంచే రావాలి. అడిగాను. ఇంకా రాలేదు. ఇరవై నాలుగు వేల కిలోమీటర్ల తీగను ఆదా చేసి లాగగలిగిన మనం, ఇంటింటికీ వేరే పాస్‌వర్డ్ స్టిక్కరు అతికించలేకపోవడం నాకు మింగుడుపడదు.

ప్రశ్న: గాలివానకు మా ఇంటి ముందు స్తంభం మీది నల్లటి నెట్ తీగ జారి రోడ్డు మీద పడింది. మేమే తీసి పక్కన కట్టేయొచ్చా? (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: వద్దు. పొడవు లైన్లలో వాడే ఏడీఎస్ఎస్ అనే రకం ఫైబర్‌లో లోహం ఉండదు, నిజమే. కానీ స్తంభం నుంచి ఇంటికి లాగే డ్రాప్ వైరులో చాలా వాటికి బలం కోసం సన్న ఉక్కు తీగ ఉంటుంది. అది పైన కరెంటు తీగకు తగులుతూ ఉంటే? రోడ్డు మీద నిలబడి మీరు చెప్పలేరు. ముందు కరెంటు ఆఫీసుకు ఫోన్ చేయండి, ఆ తర్వాతే కేబుల్ ఆఫీసుకు. తెగిన కొసను కంటికి దగ్గరగా పెట్టి చూడొద్దని పిల్లలకు చెప్పండి, అందులో లేజర్ కనిపించదు కానీ ఉండొచ్చు.

మీ జిల్లా వాళ్లకు ఇంకో మాట. 2014లో హుద్‌హుద్ వేల స్తంభాలను పడగొట్టాక విశాఖలో ప్రపంచ బ్యాంకు డబ్బుతో కరెంటు కేబుళ్లను భూమిలో వేశారు. స్తంభం పడితే కరెంటూ నెట్టూ కలిసే పడతాయి. ఫోన్ టవర్లకు వెళ్లే ఫైబర్ కూడా ఆ స్తంభం మీదే ఉంటే ఫోనూ వాటితోపాటే. తీరం వెంబడి పెద్ద లైన్లనైనా భూమిలోకి దించి, స్తంభాలను ఊళ్లో వీధులకు వదిలేయాలని నా అభిప్రాయం. చవక అంతా తుపాను రానంతవరకే.

మొన్న మా వీధిలో ఒక కుర్రాడు నిచ్చెన వేసి స్తంభం ఎక్కి డ్రాప్ వైరు కడుతున్నాడు. పైన లైను లైవ్‌లో ఉంది. ఎల్‌సీ (పని అయ్యేదాకా లైనులో కరెంటు ఆపించే అనుమతి) తీసుకున్నారా బాబూ అని అడిగాను. "ఫైబర్ సార్, షాక్ కొట్టదు" అన్నాడు. చేతిలో వైరు కొస నుంచి ఉక్కు తీగ వేలెడంత బయటికి వచ్చి ఉంది. దిగమన్నాను. ఇంకో రెండు ఇళ్లున్నాయి సార్ అంటూ పైనే ఉన్నాడు.