సమాధానం: ‘రెసిప్రాసిటీ’కి తెలుగులో ఏ మాట వాడాలి?

అన్నా, పొదుపు సంఘం కరపత్రంలో ‘రెసిప్రాసిటీ’కి, అంటే ఒకరికొకరు సాయం చేసుకోవడానికి, ‘పరస్పరత’ అని రాస్తే దేవరకొండలో ఎవరికీ అర్థం కాలేదన్నారు. కాదు మరి! అది పుస్తకాల మాట. ‘ఇచ్చిపుచ్చుకోవడం’ అని రాయండి, పని అయిపోతుంది.

అసలు లాటిన్ మాట ‘రెసిప్రోకస్’ అంటే ముందుకూ వెనక్కూ కదిలేది. మన ఇళ్లల్లో ఆ కదలిక కనిపించేది పెళ్లికి వచ్చినవాళ్లు చదివించిన కట్నాలు రాసుకునే నోటుబుక్కులో. నా పెళ్లినాటిది, అట్ట ఊడిపోయినా మా అమ్మ ఇంకా బీరువాలోనే దాచింది. ఎవరింట్లో పెళ్లి అయినా ముందు అది తీసి వేలితో వరుస వెతుకుతుంది: “వాళ్లు మనకు 516 పెట్టిండ్రు, మనం అంతకు తక్కువ పెడితే ఏం బాగుంటది?” దీన్ని అప్పు అంటే మాత్రం ఒప్పుకోదు!

‘అన్యోన్యం’ వాడకండి. దానికీ ఒకరికొకరు అనే అర్థం, కానీ వినగానే ఆలుమగలే గుర్తొస్తారు. ‘చేబదులు’ వడ్డీ లేకుండా తెచ్చి తిరిగిచ్చే డబ్బు, అది వేరు. లెక్కల్లో రెసిప్రోకల్ అంటే ‘వ్యుత్క్రమం’: 5 కి 1/5. కరపత్రంలోకి దాన్ని రానివ్వకండి.

ఇంకో సంగతి, చాలాచోట్ల నామవాచకమే అక్కర్లేదు. మన క్రియలోని ‘కొను’ ఆ పని చేసేస్తుంది: తిట్టుకున్నారు, పలకరించుకున్నారు, పంచుకున్నారు. కరపత్రంలో ‘పరస్పరత’ ఉన్న మీ వాక్యాన్ని ‘సభ్యులు అవసరానికి ఒకరికొకరు ఆసరా అవుతారు, సాయం ఇచ్చిపుచ్చుకుంటారు’ అని మార్చి చూడండి.