ఏడు సెకన్ల లోపు శాంపిల్ వాడితే కేసు పడదా?

ప్రశ్న: ఎఫ్‌ఎల్ స్టూడియోలో (కంప్యూటర్లో సంగీతం తయారుచేసే సాఫ్ట్‌వేర్) బీట్లు చేస్తుంటాను. 1963లో విడుదలైన ఓ సినిమా పాటలోంచి ఐదు సెకన్ల వీణ బిట్ తీసి, పిచ్ తగ్గించి, ముక్కలు చేసి, రివర్స్ చేసి లూప్‌గా వాడాను. అసలు పాట ఏదో ఎవరూ పోల్చుకోలేరు. ఏడు సెకన్ల లోపు అయితే ఏం కాదని తోటివాళ్లు అంటున్నారు. స్పాటిఫై, యూట్యూబుల్లో పెట్టొచ్చా?
– ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: ఏడు సెకన్ల మాట మన చట్టంలో ఎక్కడా లేదు. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 14(ఇ) ప్రకారం, ఒక రికార్డింగును చేర్చి మరో రికార్డింగు చేసే హక్కు దాని యజమానిదే. పిచ్ మార్చినా, తిరగేసినా మీరు వాడింది ఆ రికార్డింగునే. ఎవరూ పోల్చుకోలేరన్నది కూడా పెద్ద ధీమా కాదు. దావా పడితే కోర్టు మీ ప్రాజెక్ట్ ఫైల్ తెమ్మనవచ్చు. ఏ క్లిప్ వాడారో దాన్నిబట్టి తెలిసిపోవచ్చు కదా!

మరీ చిన్న వాడకాన్ని కోర్టులు పట్టించుకోని సందర్భాలు లేకపోలేదు. 2012లో ఢిల్లీ హైకోర్టు ఓ ప్రకటనలో వినిపించిన పాట ముక్క విషయంలో అలాగే చెప్పింది. అయితే మీ బిట్ లూప్‌గా తిరుగుతోంది, బీటంతా దాని మీదే నిలబడింది. ఆ వాదన మీద నేనైతే ఆశ పెట్టుకోను.

మీకు కలిసొచ్చేది ఆ 1963 అనే సంవత్సరం. రికార్డింగు హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు ఉంటుంది. పాట రికార్డు కూడా ఆ ఏడాదే వచ్చి ఉంటే, 2023 డిసెంబరు 31తో అది ముగిసింది. అదే 1973 పాటైతే 2033 చివరిదాకా ఆగాల్సిందే. మీరు తీసుకున్నది రీమాస్టర్ చేసిన (పాత రికార్డింగు ధ్వనిని మెరుగుపరిచి మళ్లీ తెచ్చిన) ఫైల్ నుంచైతే, కంపెనీ దానికి కొత్త హక్కు చెప్పుకోవచ్చు. పాత రికార్డు నుంచి తీయడం మేలు.

రికార్డింగు వేరు, బాణీ వేరు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. బాణీ హక్కు స్వరకర్త మరణించాక 60 ఏళ్లు నడుస్తుంది. ఉదాహరణకు ఘంటసాల 1974లో కన్నుమూశారు కాబట్టి ఆయన స్వరపరిచినవాటికి 2034 చివరిదాకా గడువుంది. సినిమా పాటల్లో ఆ హక్కు మ్యూజిక్ కంపెనీ చేతిలో ఉండొచ్చు, గడువు లెక్క మాత్రం స్వరకర్తను బట్టే. మీ బిట్‌లో ఉన్నది త్యాగరాజ కృతి ముక్కో, అందరూ వాయించే రాగ సంచారమో అయితే భయం తక్కువ. ఆ పాటకే ప్రత్యేకమైన బాణీ అయితే అనుమతి తీసుకోండి, అదీ రాతపూర్వకంగా.

స్పాటిఫై అంటే ప్రపంచమంతా విడుదల చేసినట్టే. అమెరికాలో 1963 నాటి రికార్డింగుకు ఇంకా దశాబ్దాల రక్షణ ఉంది. మన పాటలకు శ్రోతలు అక్కడ ఎక్కువే. డిస్ట్రిబ్యూటరుకు (మీ పాటను స్పాటిఫై లాంటి వేదికలకు చేర్చే సంస్థకు) ఇచ్చేటప్పుడు ఆ దేశాన్ని తీసేయించండి. యూట్యూబ్ కంటెంట్ ఐడీకి (ఇతరుల పాటలను ఆటోమేటిక్‌గా పసిగట్టే వ్యవస్థకు) మన గడువు లెక్కలు తెలియవు, క్లెయిమ్ వస్తే మీరే డిస్‌ప్యూట్ (అభ్యంతరం) వేసుకోవాలి.

ఇంత లెక్క ఎందుకనుకుంటే, ఆ బిట్‌ను వైణికుడి చేత మళ్లీ వాయింపించి రికార్డు చేసుకోండి. రికార్డింగు హక్కు గొడవ అన్ని దేశాల్లోనూ పోతుంది, బాణీ సంగతి ఒక్కటే మిగులుతుంది. వాయించినవారికీ సెక్షన్ 38 కింద కళాకారుడి హక్కు ఉంటుంది కనుక, పారితోషికం, వాడుకునే హక్కులు రాసి, సంతకం పెట్టించుకున్నాకే మైకు ఆన్ చేయండి.