డిస్కు సంగతి తర్వాత, ముందు ఆ డ్రమ్ము చూడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రాజ్‌దూత్ 350 బైకు కొన్నావని, డ్రమ్ము బ్రేకు సరిగా ఆపదన్న భయంతో దాన్ని పీకేసి కొత్త బండి ఫోర్కూ (ముందు చక్రాన్ని పట్టే రెండు కాళ్లు) డిస్కు బ్రేకూ వేయిస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దనను. ఇప్పుడే వద్దంటాను.

నీ భయంలో న్యాయం ఉంది. యమహా 1973లో తెచ్చిన ఆర్‌డీ 350కి ముందు చక్రానికి డిస్కే ఉండేది. 1983లో ఎస్కార్ట్స్ వాళ్లు అదే బండిని రాజ్‌దూత్ పేరుతో మన దగ్గర దింపినప్పుడు ఖర్చు తగ్గించుకోవడానికి 7 అంగుళాల డ్రమ్ము పెట్టారు. 347 సీసీ బండి, హై టార్క్ మోడలైతే 30.5 హార్స్‌పవర్. పైగా టూ స్ట్రోకు కదా, యాక్సిలరేటర్ వదిలినంత మాత్రాన ఇంజను బండిని పట్టి ఆపదు. భారమంతా బ్రేకుల మీదే.

కానీ అది మామూలు డ్రమ్ము కాదురా, ట్విన్ లీడింగ్ షూ. షూ అంటే డ్రమ్ము లోపల ఒత్తుకుని చక్రాన్ని ఆపే వంపు ముక్క. ఇందులో రెండు షూలూ చక్రం తిరిగే ఊపుతోనే ఇంకా గట్టిగా ఒత్తుకుంటాయి. రెండూ ఒకేసారి తగిలితేనే సుమా! రోడ్డు మీద కనిపించే బండ్లలో చాలావాటికి ఒక షూ పనిచేస్తుంటే రెండోది ఊరికే కూర్చుని ఉంటుంది. ఆ పాపం డ్రమ్ముది కాదు.

చక్రంతో మొదలుపెట్టు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాట్లు ఎంత బాగున్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటే తీసెయ్. బ్రేకు ఎంత పట్టినా ఆపాల్సింది రోడ్డును పట్టుకునే టైరే. ముందు 3.00-18, వెనక 3.50-18, కంపెనీ ఇచ్చిన సైజులే వెయ్యి. లావు టైరు చూడ్డానికి బాగుంటుంది, మలుపులో బండి బద్ధకిస్తుంది. స్పోక్స్‌ని స్పానర్‌తో ఒక్కొక్కటే తట్టు. ఖంగుమనకుండా డబ్‌మన్నది లూజు. రిమ్ము లోపల నిపుల్స్ (స్పోక్స్ బిగించే చిన్న నట్లు) దగ్గర తుప్పు తినేసి ఉంటే పాలిష్ పెట్టించి సరిపెట్టుకోకు, రిమ్ము మార్చు. బేరింగులూ అప్పుడే.

ఇక్కడ చాలామంది మెకానిక్కులు తిరగేసి చేసే పని ఒకటుంది. డ్రమ్ముకు లేత్ మీద టర్నింగ్ కొట్టించి, అంటే లోపలి అంచు గుండ్రంగా కోయించి, ఆ తర్వాత స్పోక్స్ కట్టిస్తారు. స్పోక్స్ బిగిస్తుంటే అవి హబ్బును లాగి డ్రమ్ము గుండ్రం చెడుతుంది. బ్రేకు పట్టినప్పుడు లివర్ వేళ్ల కింద కొట్టుకుంటున్నట్టు అనిపిస్తుందే, అది దీనివల్లే. ముందు స్పోక్స్ కట్టించి బెండు తీయించు, తర్వాత చక్రం మొత్తం పట్టే పెద్ద లేత్ ఉన్నవాడి దగ్గర టర్నింగ్. కంపెనీ చెప్పిన గరిష్ఠ కొలత దాటితే ఇక కోయనివ్వకు. షూ మీద ఉండే కొత్త లైనింగు (రాపిడి పొర) ఆ డ్రమ్ము వంపుకు సరిపోయేలా అరగదీయించు. పాత షూల దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడువు.

బిగింపు దగ్గర తొందరపడకు. షూలను తిప్పి ఒత్తే రెండు ఆర్మ్‌లనీ కలిపే రాడ్ మీది చెక్‌నట్టు (రాడ్ కదలకుండా పట్టే నట్టు) వదులు చేసి, రెండు షూలూ ఒకేసారి డ్రమ్ముకు తగిలేలా రాడ్ పొడవు కుదిర్చి మళ్లీ బిగించు. యాక్సిల్ నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పి, బ్రేకు నొక్కి పట్టుకునే బిగించు, షూలు మధ్యకు వచ్చి కూర్చుంటాయి. బ్రేకు వైరు కొత్తది వెయ్యి. లివర్ మెత్తగా ఉందని అందరూ షూలను తిడతారు, సగంసార్లు తప్పు సాగిపోయిన వైరుదే. ఒక్క మాట, ఎత్తు మీద బండి వెనక్కి జారుతుంటే ఈ బ్రేకు పెద్దగా పట్టదు. దాని తత్వమంతే, వెనక బ్రేకు తొక్కు.

ఇదంతా చేసి కొన్నాళ్లు తిరిగాక కూడా డిస్కే కావాలంటే సరే. కానీ ఫోర్కు పొడవు మారితే స్టీరింగ్ నడతే మారుతుంది. లివర్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండరూ, డిస్కును నొక్కే క్యాలిపరూ ఒకదానికొకటి కుదిరినవే వెయ్యాలి. మార్పుల విషయంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఉంది, ముందే ఆర్టీఓ ఆఫీసులోనూ ఇన్సూరెన్సు వాళ్లనూ అడుగు.

చక్రం విప్పగానే రెండు షూలకూ ఫొటో తీసి పంపు. ఏది ఎటువైపు అరిగిందో చూసి మిగతాది ఫోన్లో చెబుతాను.

మీ మామయ్య