సంతకం ఎవరిదో చూశావా?

చిరంజీవికి,

ఆశీస్సులు. వ్యాసం అందింది, చదివాను. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు మార్పుల మీద నీకు కోపం రావడం సహజమే. పార్టీలు వంతులవారీగా పేర్లు చెరిపి పేర్లు రాసుకుంటుంటే, నీ వయసువాళ్లకు కూడా కోపం రాకపోతే ఎలా? వాక్యం బాగుంది, తూకం తెలిసిన చెయ్యి. కానీ చివరిదాకా చదివినా ఆ విశ్వవిద్యాలయాన్ని ఎవరు నడుపుతారో, అందులో ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుందో నాకు తెలియలేదు. అదే ఈ ఉత్తరానికి కారణం.

పేరు కథ చిన్నది. 1986లో పుట్టిన సంస్థకు 1998లో ఎన్టీఆర్ పేరు వచ్చింది. 2006లో ఆ పేరు ముందు ‘డాక్టర్’ చేరింది. 2022 సెప్టెంబరులో శాసనసభ దాన్ని వైఎస్సార్ పేరుకు మార్చింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ సవరణ తెచ్చి ఎన్టీఆర్ పేరు పెట్టారు. ఇంతకు మించి అక్కర్లేదు, నువ్వు నాలుగు పేజీలు పెట్టావు. ఇదే సంస్థ డిపాజిట్లలో దాదాపు 400 కోట్ల రూపాయలను 2021లో రాష్ట్ర ఆర్థిక సేవల సంస్థకు తరలించినప్పుడు ఉద్యోగులు పనులు మాని ఆందోళనకు దిగారు. నీ వ్యాసంలో దాని ఊసే లేదు. పరీక్ష ఫీజులతో, కాలేజీలు కట్టే అఫిలియేషన్ (అనుబంధ గుర్తింపు) ఫీజులతో ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము మీద చివరి మాట ఎవరిది అన్నది పేరు కంటే పెద్ద ప్రశ్న కాదా?

విశ్వవిద్యాలయాల బిల్లు ఏది చేతికొచ్చినా నేను మొదట వెతికేది ఒక్కటే: ఇంతకు ముందు ఎవరి సంతకంతో జరిగే పని ఇకమీద ఎవరి సంతకంతో జరుగుతుంది? వీసీని (వైస్ చాన్సలర్‌ను) నియమించే సంతకం, తొలగించే సంతకం, అధ్యాపకుణ్ని ఎంపిక చేసే సంతకం, డబ్బు విడుదల చేసే సంతకం. బిల్లుకు ఎంత గొప్ప పేరు పెట్టినా, మంత్రి ఎంత గంభీరంగా మాట్లాడినా, ఈ సంతకాల్లో ఒక్కటీ చోటు మారకపోతే అది చిన్న వార్త. బిల్లు రెండే పేజీలైనా ఒక్క సంతకం మారితే పెద్ద వార్త.

ఇది తెలియాలంటే బిల్లు చదవాలి. సభలో ఎవరు ఎవరి మీదకు కాగితాలు విసిరారన్నది మిగతా విలేఖరులందరూ రాస్తారు, నువ్వు కూడా రాయకపోతే లోకానికి నష్టం లేదు. సవరణ బిల్లుతో ఒక ఇబ్బంది ఉంది. దాన్నొక్కదాన్నే పట్టుకుంటే ఏమీ అర్థం కాదు. ఫలానా సెక్షన్‌లో ఫలానా మాటలకు బదులు ఫలానా మాటలు ఉంచవలెను అని మాత్రమే ఉంటుంది. మూల చట్టాన్ని పక్కన పెట్టుకుని, పెన్సిలుతో పాత మాటలు కొట్టేసి కొత్తవి రాసుకుంటూ పో. మన దగ్గర ఆ మూల చట్టం చాలావరకు 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టమే. ఉస్మానియాది 1917లో వెలువడిన నిజాం ఫర్మానా, ఆంధ్ర విశ్వవిద్యాలయానిది మద్రాసు ప్రెసిడెన్సీ చట్టం, అది 1926లో మొదలైంది. అంత వేర్వేరు పుట్టుకలున్న సంస్థలను ఉమ్మడి రాష్ట్రంలో ఒకే చట్టం కిందికి తెచ్చారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా ఆ 1991 చట్టాన్నే తన పేరుకు మార్చుకుని వాడుకుంటోంది. అందువల్ల అమరావతిలో రాసే వాళ్లకైనా హైదరాబాదులో రాసే వాళ్లకైనా చేతిలో ఉండవలసిన పుస్తకం ఒక్కటే.

బిల్లు చివర ఉద్దేశాలు, కారణాలు చెప్పే పేజీ ఉంటుంది. అది ప్రభుత్వం తన గురించి తాను చెప్పుకునే మాట, ఆ లెక్కలోనే చదువు. ఆర్థిక మెమొరాండం మీద ఎక్కువసేపు ఆగు. కొత్త విశ్వవిద్యాలయం పెడుతున్నామని చెప్పి, ఏటా ఎంత ఖర్చవుతుందో అక్కడ చెప్పకపోతే, బడ్జెట్ పద్దులో కూడా కనిపించకపోతే, నీ వ్యాసం అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడొక ఉదాహరణ కాస్త నిదానంగా చెబుతాను. కొత్తవాళ్లు దీన్ని గోడకు అతికించుకోవచ్చు.

2022 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బోర్డు బిల్లును ఆమోదించింది. అంతవరకు ఏ విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ అది ఇచ్చుకునేది, దాని సెలక్షన్ కమిటీ దానిదే, చివరి ఆమోదం దాని పాలకమండలిది. ఈ బిల్లుతో ఎంపిక మొత్తం ఒక బోర్డు చేతికి వెళుతుంది. ఉన్నత విద్యామండలి అధ్యక్షుడు దానికి పెద్ద, ప్రభుత్వ అధికారులు సభ్యులు. ప్రభుత్వం చెప్పిన కారణం కొట్టిపారేయదగ్గది కాదు. ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయం నియామకాలు చేసుకుంటే బంధుప్రీతి ఆరోపణలు, రిజర్వేషన్ రోస్టరు తగాదాలు, కోర్టు స్టేలు ఎలా వస్తాయో ఆవరణలో పదేళ్లున్న ఎవరినైనా అడుగు. బిహార్‌లో విశ్వవిద్యాలయ అధ్యాపకుల కోసం ప్రత్యేక సర్వీసు కమిషనే ఉంది. అవతలి వాదన కూడా బలమైనదే: తన గురువులను తాను ఎంచుకోలేని సంస్థకు స్వయంప్రతిపత్తి అన్న మాట ఎందుకు? నా మట్టుకు నేను రెండో వాదన వైపే మొగ్గుతాను, కానీ మొదటి వాదనను దాని పూర్తి బలంతో రాసిన తర్వాతే. నువ్వూ అలాగే చెయ్యి. ఎదుటి వాదాన్ని బక్కగా చూపించి గెలిచిన వ్యాసాన్ని పాఠకుడు ఇట్టే పట్టేస్తాడు.

సభ ఆమోదించిన మర్నాడు ‘ఇక ఉమ్మడి బోర్డు ద్వారానే నియామకాలు’ అని రాసినవాళ్లు తర్వాత ఏం చేశారో నాకు తెలియదు గానీ, ఆ బిల్లు రాజ్‌భవన్‌లో ఆగిపోయింది. అప్పటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ సందేహాలు అడిగారు, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలకు ఇది సరిపోతుందా అన్నది అందులో ముఖ్యమైనది. నవంబరులో విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి రాజ్‌భవన్‌కు వెళ్లి వివరణ ఇచ్చారు. బిల్లు కదలలేదు. 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం పెండింగులో ఉన్న పది బిల్లుల గురించి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఏప్రిల్‌లో గవర్నర్ కొన్నింటికి ఆమోదం తెలిపి, ఈ నియామక బోర్డు బిల్లును, అటవీ విశ్వవిద్యాలయం బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. బిల్లుల మీద గవర్నరు ఏం చేయాలో చెప్పే రాజ్యాంగం 200వ అధికరణంలో ‘వీలైనంత త్వరగా’ అన్న మాటకు రాజ్యాంగపరమైన బరువుందని గుర్తుచేస్తూ కోర్టు అదే నెలలో ఆ కేసు ముగించింది.

ఈలోగా తరగతి గదిలో ఏం జరిగింది? ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. కాంట్రాక్టు అధ్యాపకులు, పార్ట్‌టైమ్ అధ్యాపకులు పాఠాలు చెబుతూనే ఉన్నారు, ఏటా వయసు పెరుగుతూనే ఉంది. 2025లో మరో ప్రభుత్వం జీవో 21 పేరిట అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకాలకు మార్గదర్శకాలిచ్చినప్పుడు ఉస్మానియాలో ఆందోళన చేసింది ఈ కాంట్రాక్టు అధ్యాపకులే. ముందు మా సంగతి తేల్చండి అన్నారు. 2022 బిల్లుకూ ఆ ఆందోళనకూ మధ్య ఉన్న దారి ఎవరైనా ఓపికగా రాయాలి. నువ్వే ఎందుకు రాయకూడదు?

గవర్నర్ల విషయంలో ఒక జాగ్రత్త. మనవాళ్లు చాలామంది రెండు పదవులను కలిపేస్తారు. గవర్నరు రాజ్యాంగం ప్రకారం గవర్నరు, విశ్వవిద్యాలయాలకు కులపతి (చాన్సలర్) అయ్యేది మాత్రం రాష్ట్ర చట్టం ప్రకారమే. కులపతి పదవిని ఇచ్చింది శాసనసభ, కావాలంటే తీసేయగలిగేదీ అదే. కానీ తీసేసే బిల్లు కూడా గవర్నరు దగ్గరికే వెళ్లాలి. తన కుర్చీ తొలగించే కాగితం మీద తనే సంతకం పెట్టాలన్నమాట. గత కొన్నేళ్ల తగాదాల్లో సగం ఈ ముడిలోనే ఉన్నాయి. కేరళ శాసనసభ 2022 డిసెంబరులో గవర్నరును కులపతి స్థానం నుంచి తప్పించే బిల్లును ఆమోదించింది. అది రాష్ట్రపతి దాకా వెళ్లి, 2024 ఫిబ్రవరిలో ఆమోదం లేకుండా తిరిగొచ్చింది.

తమిళనాడు కథ ఇంకా మెలికలు తిరిగింది. వీసీల నియామకాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించే బిల్లులతో సహా పది బిల్లులను గవర్నర్ ఆర్.ఎన్. రవి 2023 నవంబరులో తిప్పి పంపారు. శాసనసభ కొద్ది రోజుల్లోనే వాటిని మళ్లీ ఆమోదించింది, ఆయన రాష్ట్రపతికి పంపారు. 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పదింటికీ ఆమోదం లభించినట్లే భావించాలని తీర్పిచ్చింది. గవర్నరు సంతకం లేకుండానే అవి గెజిట్‌కెక్కాయి. మే నెలలో మద్రాసు హైకోర్టు వీసీ నియామకాల భాగాన్ని నిలిపివేసింది. రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబుగా నవంబరు 20న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గవర్నర్లకు కోర్టు గడువులు పెట్టజాలదని, ఆమోదం లభించినట్లు భావించడం కుదరదని అభిప్రాయం చెప్పింది. ఏప్రిల్‌లో రాసిన వ్యాసాన్ని మేలో మార్చుకోవాలి, నవంబరులో మళ్లీ. అందుకే ఇలాంటి వ్యాసాల్లో ‘చట్టం వచ్చింది’ అనకుండా, ఏ తేదీ నాటికి ఏ దశలో ఉందో రాయమంటాను.

ఢిల్లీ వైపు కూడా ఓ కన్ను ఉండాలి. విశ్వవిద్యాలయాన్ని స్థాపించే అధికారం రాష్ట్ర జాబితాలో ఉంది. ప్రమాణాలు నిర్ణయించే అధికారం కేంద్ర జాబితాలో ఉంది. చదువు మొత్తం 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. దీని ఫలితం పుస్తకాల్లో కంటే కోర్టుల్లో బాగా కనిపిస్తుంది. 2022 మార్చిలో గుజరాత్‌లోని సర్దార్ పటేల్ విశ్వవిద్యాలయం వీసీ నియామకాన్ని యూజీసీ నిబంధనలకు విరుద్ధమని సుప్రీంకోర్టు కొట్టేసింది, రాష్ట్ర చట్టం ప్రకారమే నియమించామన్న వాదన నిలవలేదు. అదే ఏడాది అక్టోబరులో కేరళ సాంకేతిక విశ్వవిద్యాలయం వీసీ నియామకం కూడా పోయింది, సెర్చ్ కమిటీ పేర్ల జాబితా ఇవ్వకుండా ఒకే పేరు పంపడం అందుకు ముఖ్య కారణం. కాబట్టి మన శాసనసభలో వీసీల మీద ఏ సవరణ వచ్చినా, యూజీసీ 2018 నిబంధనలను దాని పక్కన పెట్టి చూడకుండా ఒక్క పేరా కూడా రాయకు.

మనుషుల దగ్గరికి వద్దాం. నువ్వు మాట్లాడినవాళ్ల జాబితా చూశాను: ఇద్దరు ఎమ్మెల్యేలు, ఒక విద్యార్థి నాయకుడు, ఒక మాజీ వీసీ. వీళ్లు అడగకపోయినా మాట్లాడతారు. రిజిస్ట్రారు కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ఎక్కడుందో కనుక్కో. ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీ, చివరి నోటిఫికేషన్ ఎప్పుడిచ్చారు, అది ఏ కోర్టులో ఆగింది అన్నవి అక్కడి సెక్షన్ ఆఫీసరుకు నోటికొస్తాయి. పేరు రాయవద్దంటే రాయకు, అంకెలు మాత్రం కాగితం మీద చూడకుండా నమ్మకు. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది, వ్యాసం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. ఆ తర్వాత కాంట్రాక్టు మీద పనిచేసే ఒక అధ్యాపకుడితో కూర్చుని, ఆయన అపాయింట్‌మెంట్ ఆర్డరు చూడు. అందులో ఎవరి సంతకం ఉందో, ఎన్ని నెలలకు ఉందో చూడు.

శైలి గురించి ఒక్క మాటే. ‘ఉన్నత విద్య భ్రష్టుపట్టింది’ లాంటి వాక్యాలు నీ వ్యాసంలో ప్రతి పేజీలోనూ ఉన్నాయి, అన్నీ తీసెయ్యి. ఏ అధికారం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో చూపిస్తే పాఠకుడే ఆ మాట అనుకుంటాడు.

రెండో ప్రతి పంపేటప్పుడు పేర్ల కథ ఒక పేరాకు కుదించు. 400 కోట్ల సంగతికి కనీసం రెండు పేజీలు కేటాయించు: ఆ తీర్మానం ఏ సమావేశంలో పెట్టారు, పాలకమండలిలో ఎవరెవరున్నారు, అప్పటి చట్టం వాళ్లకు ఆ అధికారం ఇచ్చిందా లేదా. ఆ సెక్షన్ జిరాక్సు కూడా వ్యాసంతో పాటు జత చెయ్యి, నేనూ చదవాలి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి