గండికోట ఫొటో ఎప్పుడు ఫైన్ ఆర్ట్ అవుతుంది?

గండికోట లోయను అందరూ అదే బండ మీద నిలబడి తీస్తుంటే అందులో కళ ఎక్కడుందని ఒకరు అడిగారు. ఏం చూపాలో ముందే మనసులో అనుకుని తీయడంలో ఉంది.

మిట్టమధ్యాహ్నం ఆ ఎర్రరాతి పొరలన్నీ చదునుగా కనిపిస్తాయి. పొద్దు పొడిచిన కాసేపటికి వెలుగు ఏటవాలుగా పడి, ప్రతి బీట పక్కనా నీడ నిలుస్తుంది. లోయ లోతు అప్పుడే తెలుస్తుంది.

బ్లాక్ అండ్ వైట్‌లో లెన్స్ ముందు ఎరుపు ఫిల్టర్ (రంగు గాజు) వేసి చూడండి: నీలాకాశం నల్లబడుతుంది, ఎర్రరాయి వెలుగుతుంది. 1927లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అక్కడి యోసెమిటీ లోయలోని హాఫ్ డోమ్ కొండను ముందు పసుపు ఫిల్టర్‌తో తీశాడు. తృప్తి కలగక, మిగిలిన ఒక్క ప్లేటుకు (ఫిల్మ్‌లా బొమ్మ పడే గాజు పలక) ముదురు ఎరుపు ఫిల్టర్ వాడాడు. కంటికి ఆకాశం అంత నల్లగా లేదు, ఆ కొండ ముందు ఆయనకు కలిగిన అనుభూతి మాత్రం అదే.

కెమెరా కదలకుండా ట్రైపాడ్ మరవకండి.