పెళ్లి సంగతి తర్వాత, ముందు నాన్నగారి సంగతి చూడండి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్‌ని. 18వ శతాబ్దంలో పుట్టిన ఐరిష్ రచయిత్రి మరియా ఎడ్జ్‌వర్త్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆమె పెళ్లి మాటే లేకుండా, తండ్రికి ఎస్టేట్ లెక్కలు చూసిపెడుతూ, పుస్తకాలు రాసుకుంటూ బతికింది. నేనూ అలాగే ఉండిపోదామనుకుంటున్నాను. అమ్మ లేదు. అన్నయ్య అమెరికాలో ఉంటాడు. నా వ్యాసాలు నాన్నగారు దిద్దాకే పత్రికలకు పంపుతాను. ఆమధ్య మా కొలీగ్ ఒకాయన పెళ్లి చేసుకుందామన్నారు. ఆ మాట చెప్పిన రాత్రి నాన్నగారు అన్నం వద్దని, మజ్జిగ తాగి పడుకున్నారు. నేను కాదనేశాను. పెళ్లి లేకుండా బతకడం తప్పా?

జవాబు: తప్పేం కాదు. ఆ ప్రశ్న అక్కడితో అయిపోయింది. మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది ఆ మజ్జిగ గ్లాసు.

మరియా గురించి మీకు నేను చెప్పేదేముంది? కానీ మీరు దాటేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. కూతురికి ఒక్క పెళ్లీ కాలేదు గానీ, ఆ తండ్రి రిచర్డ్ నాలుగు చేసుకున్నాడు. 22 మంది పిల్లలు. నాలుగో భార్య మరియా కంటే చిన్నది! 1802లో పారిస్‌లో ఎడెల్‌క్రాంట్జ్ అనే స్వీడన్ పెద్దమనిషి పెళ్లి చేసుకుంటానంటే మరియా కాదంది. అతనంటే ఆమెకు ఇష్టమేనని తర్వాత రాసింది ఆ సవతి తల్లే.

రాసినవన్నీ తండ్రికి చూపించి దిద్దించుకునే మనిషి, 'కాజిల్ రాక్‌రెంట్' ఒక్కదాని మీద ఆయన చెయ్యి పడనివ్వలేదు. 1800లో వచ్చిన ఆ నవలే ఇవాళ్టికీ ఆమె పేరు నిలబెడుతోంది. ఈ ముక్క మీ థీసిస్‌లో ఉందా? ఉంటే, దాన్ని కూడా నాన్నగారే దిద్దారా?

1817లో తండ్రి పోయాక ఆయన ఆత్మకథ పూర్తి చేసే పని ఆమె మీదే పడింది. తమ్ముడు ఎస్టేట్‌ని అప్పుల పాలు చేస్తే, 1826లో, 58 ఏళ్ల వయసులో, దాన్ని చేతిలోకి తీసుకున్నదీ ఆమే. పెళ్లికాని ఆడపిల్ల అంటే ఇంటి బరువులన్నిటికీ ఖాళీగా దొరికే మనిషి అని ఐర్లండ్‌లో మరియా ఉన్న లాంగ్‌ఫర్డ్ జిల్లాలోనూ అనుకున్నారు, మీ ఇంట్లోనూ అనుకుంటున్నారు. మీ అన్నయ్య మాత్రం హాయిగా ఉన్నాడు.

కన్నవాళ్లను చూసుకోవడం మన ధర్మమే, కాదనను. అలకకు లొంగిపోవడం మాత్రం ధర్మం కాదమ్మా. ఆ రాత్రి ఆయన వద్దనలేదు, మీరు అడగలేదు. మాట లేకుండానే ఒక సంబంధం తప్పిపోయింది. ఇప్పుడైనా కూర్చుని అడగండి: 'ఆరోజు ఎందుకు తినలేదు నాన్నా?' అని. ఏం చెబుతారో పూర్తిగా వినండి. మీరు ఒంటరిగా ఉండాలనుకుంటే ఉండండి, కానీ ఆ నిర్ణయం మీది కావాలి.

ఏడాదిలో కొన్నాళ్లు నాన్నగారిని తన దగ్గర ఉంచుకోమని అన్నయ్యకు ఫోన్ చేయండి. మొహమాటపడకండి. వచ్చే వ్యాసం ఆయనకు చూపించకుండా పంపండి. నాన్నగారు పెన్ను తీసుకుని 'ఏదమ్మా?' అంటే, పంపేశానని చెప్పండి.