ఫ్యాన్ క్లచ్ ఊడాలంటే బలం కాదు, దెబ్బ కావాలి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రెండు రోజులుగా నీ షెవర్లే టాహో బండి ఫ్యాన్ క్లచ్‌తో (ఇంజన్ వేడెక్కితే రేడియేటర్ ఫ్యాన్‌ని పట్టుకుని తిప్పి, చల్లబడితే వదిలేసే భాగం) కుస్తీ పడుతున్నావని నిన్న మీ అమ్మ చెప్పింది. పానాకి రెండడుగుల పైపు తొడిగి లాగితే నట్టు కదల్లేదట, బెల్టు మాత్రం కీచుమంటూ పుల్లీ మీద జారిందట. ఆ పైపు పక్కన పెట్టెయ్. ఈ పనికి అది పనికిరాదు. క్లచ్ నట్టు వాటర్ పంపు షాఫ్టు మీద ఉంటుంది, నువ్వెంత గట్టిగా లాగితే పంపు అంత తేలిగ్గా నట్టుతో పాటే తిరుగుతుంది. దాన్ని పట్టుకుని ఉన్నది బెల్టు ఒక్కటే కదా!

ముందు ఒక మాట. పాడయింది క్లచ్చేనని రూఢి చేసుకున్నావా? సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడు ఏసీ చల్లదనం తగ్గి, టెంపరేచర్ ముల్లు పైకి లేచి, హైవే ఎక్కగానే మళ్లీ దిగుతోందంటే క్లచ్ మీద అనుమానం సరైనదే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్‌ని చేత్తో తిప్పి చూడు. కాస్త బరువుగా తిరగాలి. సైకిల్ చక్రంలా గిర్రున తిరిగినా, అటూ ఇటూ ఊగినా, క్లచ్ ముందు వైపు నూనె జిడ్డు కనిపించినా దాని పని అయిపోయినట్టే. లోపలుండే సిలికోన్ నూనె కారిపోతే ఇక అది ఫ్యాన్‌ని పట్టుకోలేదు. కొందరు చుట్ట చుట్టిన పేపర్‌ని తిరిగే ఫ్యాన్‌లో పెట్టి పరీక్షిస్తారు. నువ్వు మాత్రం ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు.

ఇక నట్టు ఎటు తిప్పాలనేది అన్నిటికన్నా ముఖ్యం. ఫ్యాన్ తిరిగేటప్పుడు గాలి దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ లాగుడుకి నట్టు ఊడిపోకుండా ఇంకా బిగుసుకునేలా మరలు కోస్తారు. ఇరవై ఏళ్లు నడిచిన బండిలో అంత మొండిగా ఉండేది అందుకే. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఫ్యాన్ ఎటు తిరుగుతుందో నట్టు అటే తిప్పితే ఊడుతుందని దీన్నిబట్టి గుర్తుపెట్టుకో. మీ 2003 మోడల్ 5.3 లీటర్ ఇంజన్‌లో మామూలు మరే. బంపర్ ముందు నిలబడి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిశలో ఊడుతుంది.

పాత బీఎండబ్ల్యూ E46 మోడల్ కారులో ఈ దిశ తిరగబడుతుంది. అక్కడ ఎడమ మర, నట్టు 32 ఎంఎం. ఆ సంగతి తెలియక ఒకసారి నేను స్నేహితుడి బండి మీద రెండు గంటలు తప్పు దిశలో కొట్టాను. నట్టు ఇంకా బిగిసింది. చివరికి పానా జారి రేడియేటర్‌లోకి దిగింది, నా వేళ్ల కణుపులు చితికాయి. కొత్త రేడియేటర్ డబ్బులు ఇచ్చుకున్నాను. ఆ రోజు నుంచి దిశ నిర్ధారించుకోకుండా ఏ నట్టు మీదా సుత్తి ఎత్తలేదు.

దెబ్బ సంగతి నేను ఇంజనీరింగ్ సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో నేర్చుకున్నాను. లారీల షెడ్డులో ఒక ముసలి మేస్త్రీ ఉండేవారు. తుప్పు పట్టిన నట్టు మీద మేం ముగ్గురం వేలాడుతుంటే పక్కకి జరగమని, పానా చివర ఒక్క పోటు వేసేవారు. నట్టు వదిలేసేది. మెల్లగా లాగితే షాఫ్టుకి నట్టుతో పాటు తిరగడానికి వ్యవధి దొరుకుతుంది. దెబ్బ టక్కున పడితే షాఫ్టు కదిలేలోపే మర వదిలేస్తుంది. నీ బండికీ అదే మందు.

రేపు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా మొదలుపెట్టు. తాళం జేబులో వేసుకో. బెల్టు తీయొద్దు, దాని పట్టు నీకు కావాలి. ఫ్యాన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు పై భాగం విప్పెయ్. రేడియేటర్‌కీ ఫ్యాన్‌కీ మధ్య మందపాటి అట్టముక్క నిలబెట్టు. ఇది మాత్రం మర్చిపోకు. ఈ రాత్రే నట్టు వెనక మర కనిపించే చోట వైర్ బ్రష్ కొట్టి, తుప్పు వదిలించే స్ప్రే పోసి వదిలెయ్.

నట్టు 36 ఎంఎం. మామూలు పానా మందంగా ఉండి అక్కడ పట్టదు. ఫ్యాన్ క్లచ్ పానా సెట్టు ఆటోజోన్ విడిభాగాల షాపులో అరువిస్తారు, డిపాజిట్ కట్టి తెచ్చుకుని వాడాక ఇచ్చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. పానా పిడి నీ ఎడమ చేతి వైపు, అంటే మీ అమెరికా బండిలో పాసింజర్ సీటు వైపు, కాస్త పైకి లేచి ఉండాలి. నట్టు ముఖాలు అనుకూలంగా లేకపోతే పంపు పుల్లీని కొంచెం తిప్పుకో. పానాలో ఆట లేకుండా ఒక చేత్తో నొక్కిపట్టి, రెండు మూడు పౌండ్ల సుత్తితో పిడి చివర కింది వైపుకి పొట్టిగా, టక్కున కొట్టు. పిడి మరీ పొడుగుంటే అది వంగి దెబ్బని మింగేస్తుంది, పొట్టిదే మేలు. అయిదారు దెబ్బలకి సాధారణంగా వదులుతుంది. కదలకపోతే మళ్లీ స్ప్రే కొట్టి ఒక గంట ఆగు, అన్నం తిని రా.

అప్పటికీ రాకపోతే ఎయిర్ హామర్‌కి (గాలి ఒత్తిడితో కొట్టే సుత్తి) మొద్దు ఉలి తగిలించి నట్టు అంచు మీద అదే దిశలో పెడితే వస్తుంది. నట్టు ముఖం కాస్త చెడుతుంది, పాత క్లచ్ పారేసేదే కాబట్టి పర్వాలేదు. టార్చి మంట మాత్రం వద్దు. పక్కనే రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకులున్నాయి, నట్టు వెనకే పంపు సీలుంది.

నట్టు వదిలాక తొందరపడకు. క్లచ్చూ ఫ్యాన్ కలిసి బాగా బరువుంటాయి. చివరి చుట్టు దగ్గర ఒక్కసారిగా ఒళ్లో పడతాయి. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకో. బయటికి తీశాక పంపు షాఫ్టుని ఊపి చూడు. ఆట ఉన్నా, కింది చిల్లు దగ్గర కూలెంట్ మరకలున్నా పంపు కూడా ఇప్పుడే మార్చెయ్. రెండు నెలల తర్వాత ఇదంతా మళ్లీ విప్పడం నాకు ఇష్టం లేదు, నీకూ ఉండదు.

కొత్త క్లచ్‌ని డబ్బాలో పడుకోబెట్టి ఉంచకు, నిలబెట్టి ఉంచు. షాఫ్టు మర శుభ్రంగా తుడిచి, మొదటి చుట్లు చేత్తోనే ఎక్కించు. ఫ్యాన్‌ని తిప్పేకన్నా దాన్ని కదలకుండా పట్టుకుని పుల్లీని తిప్పితే మర తేలిగ్గా పడుతుంది. అడ్డంగా పడితే పంపు షాఫ్టే పోతుంది, అందుకే బిగుసుకుపోయినట్టు అనిపిస్తే వెంటనే వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టు. బిగించేటప్పుడు సుత్తి అక్కర్లేదు, 41 ఫుట్ పౌండ్ల బిగింపు చాలు. నడిచే కొద్దీ అదే బిగుసుకుంటుంది.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఫ్యాన్‌కి ఎదురుగా గానీ పక్కగా గానీ నిలబడొద్దు, డ్రైవర్ సీట్లోనే ఉండు. ఒకటి రెండు నిమిషాలు హోరుమంటే టెన్షన్ పడకు, లోపలి నూనె సర్దుకున్నాక తగ్గుతుంది.

శనివారం సాయంత్రం దాకా రాకపోతే ఫోన్ చెయ్యి. హ్యూస్టన్ నుంచి మీ డాలస్‌కి నాలుగు గంటల దారే, ఆదివారం పొద్దున్నే సుత్తి వేసుకుని వస్తాను. పిల్లల్ని గ్యారేజ్‌లోకి రానివ్వకు.

నీ మామయ్య